పడవలో ఊరే నీళ్ళు తోడినట్టు: ఫ్రీజర్ కరెంటు లెక్క

(కావలి దగ్గర ఒక సముద్రతీర గ్రామంలో, పొదుపు సంఘాల సమావేశంలో ఒక ఫ్రిజ్ మెకానిక్ మాట్లాడిన మాటలివి. ఫోన్‌లో రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాశాం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటిని అట్టే ఉంచాం.)

అమ్మలకు, అక్కలకు, ఆ అరుగు మీద కూర్చున్న పెద్దలకు నమస్కారం. వెనకున్నోళ్ళు ఎండలో నిలబడొద్దు, ఇట్టా వేపచెట్టు కిందకి జరగండి. మైకు లేదు కాబట్టి గట్టిగానే మాట్లాడతా.

నన్ను పిలిచిన లీడరక్క ఒక్కటే మాట చెప్పింది. "సంఘం లోన్ మీద పదకొండు ఇళ్ళలో ఫ్రీజర్లు దిగినయి అన్నా. కంతు ఎట్టనో కట్టుకుంటా ఉండాం. కరెంటు బిల్లు చూస్తేనే గుండె దడగా ఉండాది" అంది. నేను ముప్పై ఏళ్ళుగా ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు బాగుచేస్తున్నా. ఇన్నేళ్ళలో "చల్లబడటం లేదు, వచ్చి చూడు" అని పిలిచినోళ్ళే అందరూ. "కరెంటు ఎక్కువ తింటోంది, చూడు" అని పిలిచినోళ్ళను చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లోపల చల్లగా ఉందంటే మిషను బాగుందనుకుంటాం. అది నిజం కాదు. లోపల గడ్డకట్టే చలి ఉంటుంది, చేప రాయి మాదిరి ఉంటుంది, అయినా ఆ ఫ్రీజర్ ఇంటిని గుల్ల చేస్తా ఉంటుంది. అట్టాంటివి మీ ఊళ్ళోనే పొద్దున రెండు చూసొచ్చా.

మా అమ్మ కూడా చేపలమ్మింది. తెల్లారకముందే ఐసు ఫ్యాక్టరీ కాడ దిమ్మ కొనుక్కొచ్చి, గోనె సంచిలో రంపపు పొట్టు పోసి, అందులో దాన్ని పాతిపెట్టేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పొట్టు కప్పితే ఐసుకి ఉక్కపోసి ఇంకా తొందరగా కరగదా అని అడిగా. "ఎండ లోపలికి పోకుండా రా" అంది, చేతిలో పని ఆపకుండానే. మీ ఫ్రీజర్ గోడ కోసి చూస్తే లోపల పసుపుపచ్చగా, గట్టి నురగ మాదిరి ఉంటుంది. పఫ్ అంటాం. మా అమ్మ పోసిన రంపపు పొట్టు చేసిన పనే అది చేస్తుంది. కరెంటు లేకుండా చలిని కాపాడేది అదొక్కటే.

ఇప్పుడు ఫ్రీజర్ చేసే పని చెప్తా. అది చలిని తయారు చెయ్యదు. చలి అనే సరుకు ఎక్కడా తయారవదు. లోపలున్న వేడిని తోడి బయట పోస్తుంది, అంతే. పడవ ఎంత మంచిదైనా అడుగున కొంచెం కొంచెం నీళ్ళు ఊరతాయి గదా. ఒక మనిషి డబ్బా పట్టుకుని తోడి పారబోస్తా ఉంటాడు. ఊట తక్కువైతే కాసేపు తోడి, కాసేపు కూర్చుంటాడు. పగులు పెద్దదైతే చెయ్యి ఆడిస్తానే ఉండాలి. మీ ఫ్రీజర్ కింద గుర్రుమంటుందే, కంప్రెసర్, అదే ఆ తోడే మనిషి. గోడల్లోంచి, మూత సందుల్లోంచి, మూత తెరిచిన ప్రతిసారీ, వెచ్చటి చేప వేసిన ప్రతిసారీ వేడి లోపలికి ఊరతానే ఉంటుంది. ఆ ఊట ఎంతో తెలిస్తే బిల్లు ఎంతో తెలుస్తుంది.

అసలు యూనిట్ అంటే ఏందో ఒకసారి చెప్పుకుందాం. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట ఆడితే ఒక యూనిట్. ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు, గంటసేపు ఇస్త్రీ చేస్తే ఒక యూనిట్. మన జిల్లాలోనే నేలటూరు కాడ దామోదరం సంజీవయ్య పేరు మీద థర్మల్ కేంద్రం ఉంది, ఒక్కోటి 800 మెగావాట్ల మిషన్లు మూడు. అట్టాంటి చోట ఒక్క యూనిట్ కరెంటు పుట్టాలంటే అరకిలో పైచిలుకు బొగ్గు కాలాలి. ఆ లెక్క మనసులో పెట్టుకోండి.

జనం వాట్లు చూసి భయపడతారు, గంటలు మర్చిపోతారు. మిక్సీ మీద 750 వాట్లని ఉంటుంది, అదేమో ఇల్లంతా అదిరేటట్టు అరుస్తుంది. అత్తలు కోడళ్ళని "మిక్సీ మానుకో, రోట్లో నూరు" అంటారు. రోజుకి పది నిమిషాలు వేస్తే మిక్సీకి ఒక యూనిట్ కావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. సెల్‌ఫోన్ చార్జింగ్ చూసి పిల్లల్ని తిడతారు. ఒక్క యూనిట్‌తో ఫోన్ దాదాపు నలభై సార్లు నిండుతుంది. అదే టీవీ కింద పెట్టిన సెట్‌టాప్ బాక్సు చూడండి. రిమోట్‌తో ఆపినా లోపల అది మేలుకునే ఉంటుంది. పది వాట్ల దాకా లాగే బాక్సులు చాలానే ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలకు పావు యూనిట్. యూనిట్‌కి ఆరు రూపాయలు పడే శ్లాబులో ఉంటే రోజుకి రూపాయిన్నర దగ్గర.

రూపాయిన్నరే గదా అనకండి. ఈ జిల్లాలో ఆ మాట అనకూడదు. 1992లో దూబగుంటలో ఆడోళ్ళు సారా వద్దని లేచారు. ఆ ఊపులోనే మన నెల్లూరు జిల్లాలో పొదుపు ఉద్యమం పుట్టింది, పొదుపు లక్ష్మి. రోజుకొక్క రూపాయి పక్కన పెట్టడంతో మొదలైంది. ఈ రోజు మీరు కూర్చున్న సంఘం ఆ రూపాయి మీద లేచిందే. ఆ రోజుల్లో రూపాయి కోసం మా అమ్మ చీర కొంగు ముడి విప్పడం నాకింకా కళ్ళ ముందే ఉంది. అట్టాంటి రూపాయి ఎవరూ చూడని బాక్సుకి రోజూ పోతోంది. గోడ కాడ స్విచ్ తీసేయండి.

సరే, ఫ్రీజర్ దగ్గరికి వద్దాం. కొనేటప్పుడు కొట్లో ఏమని చెప్పారో పొద్దున ఒక అక్క చెప్పింది. "నెలకి ముప్పై యూనిట్లు కాలుద్దంతే" అన్నారంట. ఎవరు చెప్పారనేది నాకు అక్కర్లేదు. ఎవరి మాటా నమ్మే పని లేకుండా మనమే కొలుచుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. అది చూపించడానికే ముఖ్యంగా వచ్చా.

మీ ఇంటి ముందు కరెంటు మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకు మిణుకు మంటా ఉంటుంది. పక్కనే సన్న అక్షరాలతో 3200 ఇంప్ పర్ కేడబ్ల్యూహెచ్ అని ఉంటుంది, కొన్నింటి మీద 1600 ఉంటుంది. 3200 అంటే ఆ లైటు మూడువేల రెండొందల సార్లు మిణికితే ఒక యూనిట్ అని. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, టీవీ, ఇన్వర్టర్ బ్యాటరీ, అన్నీ ఆపండి. ఫ్రీజర్ ఒక్కటే ఉంచండి. కంప్రెసర్ ఆడుతున్నప్పుడు ఫోన్‌లో నిమిషం పెట్టుకుని మిణుకులు లెక్కపెట్టండి. పది మిణుకులు వచ్చాయనుకోండి. గంటకు ఆరొందలు. ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా ఆడితే 14,400. దాన్ని 3200తో భాగిస్తే నాలుగున్నర. రోజుకి నాలుగున్నర యూనిట్లు, నెలకి 135.

కానీ ఫ్రీజర్ ఆగకుండా ఆడకూడదు గదా. తోడే మనిషి మధ్యలో కూర్చోవాలి. కాబట్టి రెండో కొలత ఇంకా ముఖ్యం. మధ్యాహ్నం ఒక గంట, రాత్రి ఒక గంట, మూత తెరవకుండా, కంప్రెసర్ ఎన్ని నిమిషాలు ఆడింది, ఎన్ని నిమిషాలు ఆగింది రాసుకోండి. మీ పిల్లల చేత రాయించండి, లెక్కలూ వస్తాయి. గంటలో ముప్పై నిమిషాలు ఆడి ముప్పై ఆగితే నెలకి 67 యూనిట్ల దగ్గర. గంటకు గంటా ఆడుతోందంటే ఎక్కడో పగులుంది.

ఒక్క జాగ్రత్త. కరెంటోళ్ళు, నాలాంటి మెకానిక్కులు కొందరు వైరుకి క్లాంప్ మీటర్ తగిలించి, ఒకటీ పాయింట్ రెండు ఆంపియర్లు, ఇంటూ 230 వోల్టులు, 276 వాట్లు అని చెప్పేస్తారు. నేను కూడా మొదట్లో అట్టనే చెప్పి ఒక ఇంటోళ్ళని ఊరికే భయపెట్టా. మోటారు ఉన్న వస్తువుకి ఆ లెక్క సరిపోదు. అది లాగే కరెంటులో కొంత పని చెయ్యకుండానే వెనక్కి పోతుంది, పవర్ ఫ్యాక్టర్ అంటాం. ఆ 276 అన్న ఫ్రీజర్ నిజంగా తినేది 190 వాట్ల లోపే కావచ్చు. మీటర్ మిణుకు అయితే అసలు తిన్నదాన్నే చూపిస్తుంది.

పొద్దున చూసొచ్చిన రెండిట్లో ఒకటి చెప్తా. ఆ అక్క ఇక్కడే ఉంది, చెప్పొచ్చు అంది కాబట్టి చెప్తున్నా. మూడొందల లీటర్ల చెస్ట్ ఫ్రీజర్. రేకుల వసారాలో పడమటి వైపు పెట్టారు. మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ నేరుగా దాని మీదనే. పక్కన రెండు వైపులా వలలు కుప్పేశారు, మీద బియ్యం మూట. చెయ్యి పెట్టి చూస్తే ఫ్రీజర్ పక్క గోడలు కాలుతున్నాయి. చాలామంది పాడైందనుకుంటారు. పాడవలేదు. ఈ చెస్ట్ ఫ్రీజర్లకి వెనక జాలీ ఉండదు, వేడిని బయట పారబోసే గొట్టం పక్క రేకుల లోపలే తిప్పి ఉంటుంది. వల కుప్పేస్తే వేడి పోయే దారి మూసేసినట్టే. తోడిన నీళ్ళు పడవలోనే పోసుకున్నట్టు.

మూత తెరిచి చూశా. గోడలకి రెండంగుళాల మంచు పేరుకుపోయింది. మంచు చూసి "బాగా చల్లబడుతోంది" అని మురిసిపోతాం. ఆ మంచు చేపకి చలి అందకుండా అడ్డం నిలబడ్డ గోడ. రంపపు పొట్టు బయట ఉండాల్సింది, లోపల పోసినట్టు. అరంగుళం లోపలే దాన్ని తీసేయాలి. ఎక్కడి నుంచి వచ్చింది అంత మంచు? మన సముద్రపు గాలి తడి గాలి. మూత సందులోంచి దూరి, గోడకి తగిలి గడ్డకడుతుంది. మూత చుట్టూ ఉండే గ్యాస్కెట్ రబ్బరు చూశా. ఒక మూల చీలింది. పది రూపాయల నోటు మూత కింద పెట్టి మూసి లాగా, మూడు వైపులా గట్టిగా పట్టుకుంది, ఆ మూల వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది. అదే పగులు. లైటు లెక్కపెడితే నిమిషానికి పది, గంటలో ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఇట్టాంటిదే కిందటేడు ఇంకో ఊళ్ళో బాగుచేశా. రబ్బరు మార్చి, మంచు కరిగించి, నీడకు మార్చి, గోడకి జానెడు దూరం జరిపితే, అదే ఫ్రీజర్ గంటలో సగంసేపే ఆడింది. 135 యూనిట్లు 67కి వచ్చాయి. నెలకి ముప్పై కిలోల పైన బొగ్గు కాలకుండా మిగిలింది.

ఇక్కడ డబ్బు లెక్క వినండి, ఇది చాలామందికి అర్థం కాని చోటు. మన రాష్ట్రంలో 2022 నుంచి ఇళ్ళకి ఉన్న శ్లాబులు ఇట్టా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లు రూపాయి తొంభై పైసలు. తర్వాత 75 దాకా మూడు రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా ఆరు. 400 దాకా ఎనిమిది డెబ్భై ఐదు. ఆ పైన తొమ్మిది డెబ్భై ఐదు. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు వేరే. శ్లాబు మారితే మొత్తం యూనిట్లకీ ఎక్కువ రేటు పడుతుందనుకుంటారు కొందరు, అట్టా కాదు. ఏ మెట్టు మీద ఉన్న యూనిట్లకి ఆ మెట్టు రేటే.

కిందటేడు బాగుచేసిన ఆ ఇంట్లో ఫ్రీజర్ లేనప్పుడు నెలకి 160 యూనిట్లు కాలేది. ఫ్రీజర్ వచ్చాక దాని మీద 135 పడి 295 అయింది. ఫ్యాన్లు, లైట్లు చవక మెట్లు అప్పుడే ఎక్కేశాయి గదా, ఫ్రీజర్‌కి మిగిలింది పైమెట్లే. 225 దాకా 65 యూనిట్లు ఆరు రూపాయల లెక్కన 390. అక్కడి నుంచి 70 యూనిట్లు ఎనిమిది డెబ్భై ఐదు లెక్కన 612 రూపాయల యాభై పైసలు. మొత్తం వెయ్యి రెండు రూపాయలు పైన. బాగుచేశాక 67 యూనిట్లకి 407 రూపాయలే. కరెంటు సగమైతే డబ్బు సగం కంటే ఎక్కువే తగ్గింది. ఆఖరి యూనిట్లే ఖరీదైనవి, తగ్గించినప్పుడు పోయేది కూడా అవే.

మంచు కరిగించేటప్పుడు కత్తి, ఉలి, చేప తరిగే కత్తిపీట, ఏదీ వాడొద్దు, చేతులెత్తి చెప్తున్నా. నా దగ్గరికొచ్చే గ్యాస్ లీకుల్లో చాలా భాగం కత్తిపోట్లే. మంచు వెనక రేకు, రేకు వెనక గొట్టం. ఒక్క పోటుకి గ్యాస్ పోతుంది, వేలల్లో ఖర్చు. ప్లగ్ పీకి, మూత తెరిచి, లోపల గిన్నెతో వేడినీళ్ళు పెడితే గంటలో పలకలు పలకలుగా దానంతటదే ఊడుతుంది.

ఇప్పుడు మీకు మాత్రమే సంబంధించిన మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి. చేప రాదు. మరి ఆ రెండు నెలలు మీ ఫ్రీజర్లలో ఏముంటుంది? పొద్దున ఆరు ఇళ్ళలో అడిగా. "ఏముంటాది, రెండు నీళ్ళ సీసాలు, పిల్లలకి ఐసు" అన్నారు. అంటే మిట్ట వేసవిలో, రోహిణీ కార్తెలో, వసారాలో చెయ్యి పెట్టలేని వేడిలో, ఖాళీ పెట్టెని చల్లగా ఉంచడానికి రోజుకి రెండు యూనిట్లకి తక్కువ కాకుండా కాలుస్తున్నాం. 61 రోజులకి 122 యూనిట్లు. సంపాదన లేని రెండు నెలల్లో. నిషేధం మొదలైన వారంలో ఉన్న సరుకు అమ్మేసి, ప్లగ్ పీకి, కరిగించి, సోడా ఉప్పు నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, మూత కింద కర్రముక్క పెట్టి కొంచెం తెరిచే ఉంచండి, లేకపోతే బూజు పడుతుంది. ఫ్రీజర్ ఆపితే పాడైపోతుందని ఎవరో చెప్తారు. శుభ్రం చేసి ఆపితే ఏమీ కాదు. తడితో మూసి ఆపితేనే తుప్పు.

(ఒక పెద్దామె: నాయనా, చేప పొద్దున వేస్తే సాయంత్రానికి గూడా గట్టిపడటం లేదు. అందుకని నెంబరు మొత్తం పైకి తిప్పేసినా.)

అడిగింది మంచిదైంది అత్తా. పది కిలోల చేపని మన ఎండ వేడి నుంచి మైనస్ 18 దాకా తీసకపోవాలంటే ఒక యూనిట్ పైచిలుకుకి సమానమైన వేడి తోడాలి. ఇరవై కిలోలు ఒక్కసారి కుప్పగా పోస్తే మధ్యలో ఉన్న చేప తెల్లారినా గడ్డకట్టదు. నెంబరు తిప్పితే తొందరగా చల్లబడదు అత్తా, తోడే మనిషి బలం అంతే ఉంటుంది, ఎప్పుడు ఆగాలి అనేది మాత్రమే ఆ నెంబరు చెప్తుంది. ఏడు మీద పెడితే రాత్రంతా ఆగకుండా ఆడతాడు. రెండు పనులు చెయ్యండి. చేపని ముందు గంటసేపు ఐసులో ఉంచి, నీళ్ళు వోడ్చి, అప్పుడు వెయ్యండి. తోడాల్సిన వేడిలో పావు వంతు ఐసే తీసేస్తుంది, వాసన కూడా రాదు. రెండోది, పల్చగా కవర్లలో సర్ది గోడల పక్కన పెట్టండి, గడ్డకట్టాక నడిమికి మార్చండి. సాయంత్రానికే అమ్ముడుపోయే కానాగంతల్ని అసలు ఫ్రీజర్లో వెయ్యాల్సిన పనే లేదు. థర్మోకోల్ పెట్టె, ఐసు చాలు. ఫ్రీజర్ రేపటికి, ఎల్లుండికి మిగిలే వంజరానికి, రొయ్యకి.

(ఒక యువతి: అన్నా, తిరునాళ్ళలో కరెంటు ఆదా చేసే ప్లగ్గు అమ్మారు, నాలుగొందలు. పెట్టినాం.)

తెచ్చావా అమ్మా? ఇట్టా ఇవ్వు. చూడండి, స్క్రూ తిప్పుతున్నా. ఇదిగో, ఆకుపచ్చ లైటు ఒకటి. ఇది నల్ల పెట్టె, కెపాసిటర్. సన్న వైర్లు రెండు. ఇంకేం లేదు. ఇంతకు ముందు చెప్పానే, పని చెయ్యకుండా వెనక్కి పోయే కరెంటు, దాన్ని ఇది కొంచెం సర్దుతుంది. కానీ మనలాంటి ఇళ్ళకి బిల్లు వేసేది ఆ కరెంటుకి కాదు, నిజంగా తిన్న యూనిట్లకి. కాబట్టి బిల్లులో ఒక్క రూపాయి తగ్గదు. ఆ లైటు వెలగడానికి అయ్యేది మీ మీదనే. కష్టపడి చేపలమ్మిన నాలుగొందలు ఇట్టా తీసుకున్నోళ్ళ మీద నాకు కడుపు మండుతుంది. ఎవరూ కొనొద్దు, పక్క ఊరోళ్ళకీ చెప్పండి.

మిగతా సామాన్లు తొందరగా చెప్తా. ఫ్యాన్లని చిన్నచూపు చూడొద్దు. పాత రకం ఫ్యాన్ 75 వాట్లు. మన ఉక్కలో రోజుకి ఇరవై గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్. మూడు ఫ్యాన్లుంటే మీ ఫ్రీజర్‌ని దాటేస్తాయి. బీఎల్‌డీసీ ఫ్యాన్లని వస్తున్నాయి, 30 వాట్ల దగ్గర తిరుగుతాయి. ముసలోళ్ళు, పసిబిడ్డలు పడుకునే గదిలో, రాత్రీ పగలూ తిరిగే ఫ్యాన్ ముందు మార్చండి, వాడని గదిలోది అట్టే ఉండనీండి. ట్యాంకు మోటారు ఒక హార్స్‌పవర్‌ది గంటకి ఒక యూనిట్ దగ్గర. ట్యాంకు పొర్లిపోయేదాకా వదిలేస్తే నీళ్ళూ యూనిట్లూ రెండూ పోతాయి. ఏసీ ఉన్నోళ్ళు 24 మీద పెట్టి ఫ్యాన్ వేసుకోండి. 2020 నుంచి అమ్మే ఏసీలు ఆన్ చెయ్యగానే 24 మీదనే మొదలవుతాయి. దాన్ని 18కి దించే చెయ్యి మనదే.

స్టార్ల సంగతి. ఢిల్లీలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అని ఉంది, 2006లో ఈ స్టార్ లేబుళ్ళు మొదలుపెట్టింది. చుక్కలు ఎన్నున్నాయో చూసి ఊరుకోవద్దు. ఏడాదికి ఇన్ని యూనిట్లు అని లేబుల్ మీద అంకె ఉంటుంది, ఏ ఏడాది లేబులో కూడా ఉంటుంది. నియమాలు కొన్నేళ్ళకోసారి బిగిస్తారు, అప్పటి ఐదు చుక్కలు ఇప్పటి ఐదు చుక్కలు కావు. ఆ అంకెని 365తో భాగించి, మన ఎండకి, మన తెరిచి మూసే పనికి కొంచెం పైన వేసుకోండి.

(లీడరు: కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతది పారెయ్యబుద్ధి కాక వెనక గదిలో పెట్టుకున్నాం అన్నా. నీళ్ళ సీసాలకి.)

అక్కా, మీ ఇంట్లో ఖర్చు అదే. ఇరవై ఏళ్ళ కిందటి ఫ్రిజ్ ఏడాదికి నాలుగొందల యూనిట్లు లాగినా ఆశ్చర్యం లేదు. ఇప్పటి చిన్న ఫ్రిజ్‌లలో రెండొందల లోపు తినేవి ఉన్నాయి. కొత్తది ఆదా చేసిందంతా వెనక గదిలో పాతది తినేస్తోంది. మంచినీళ్ళకి కుండ పెట్టుకోండి. ఆ ఫ్రిజ్‌ని ఇంకొకరికి అమ్మితే ఆ భారం వాళ్ళింటికి పోతుంది, కాబట్టి పాతసామాన్ల లెక్కన ఇచ్చేయండి.

(ఇంకొకామె: తుపానుకి రెండు రోజులు కరెంటు పోతాది గదన్నా, అప్పుడో?)

నిండుగా ఉన్న ఫ్రీజర్, మూత తెరవకుండా, మీద దుప్పట్లు కప్పితే ఒక రోజు పైనే నిలుస్తుంది. దుప్పటి పక్కలా కప్పొచ్చు, కానీ కరెంటు రాగానే తీసేయాలి. సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో నీళ్ళ సీసాలు ముందే గడ్డకట్టించి పెట్టుకోండి. ఇంకొక్కటి. ఒక గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి లోపల ఉంచండి. తుపాను వెలిసి కరెంటు వచ్చాక చూడండి. బిళ్ళ పైనే ఉంటే చేప కరగలేదు. అడుక్కి దిగిపోయి ఉంటే లోపల అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టింది. ఆ చేప అమ్మొద్దు, పిల్లలకి పెట్టొద్దు.

చెమ్మ నేల మీద చెప్పుల్లేకుండా ఫ్రీజర్ ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎవరో అన్నారు. అది చిన్న విషయం కాదు. ఎర్త్ లేదన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గు మూడో పిన్ను విరిచి పెట్టిన ఇల్లు ఒకటి చూశా పొద్దున. కరెంటు లెక్కకంటే ముందు ఆ పని. సాయంత్రం నేనే చేసిపోతా, డబ్బులేం వద్దు.

ఇప్పుడు అందరం లీడరక్క వాళ్ళింటి మీటర్ కాడికి పోదాం. ఇంట్లో అన్నీ ఆపి, ఫ్రీజర్ ఒక్కటే ఉంచమని చెప్పొచ్చా. ఆ చిన్నమ్మాయి దగ్గర పలక ఉంది, లెక్క తను రాస్తుంది. నిమిషం నేను చూస్తా, మిణుకులు మీరందరూ పైకి లెక్కపెట్టండి.